పుస్తకం మారినా జ్ఞాపకం మారదు: కొత్త ఎడిషన్ ముందు ఆటగాళ్ల ఆశలూ అనుమానాలూ

రోల్‌ప్లేయింగ్ ఆట కొత్త ఎడిషన్ పుస్తకం చేతికి రాగానే ఎవరూ దాన్ని మొదటి పేజీ నుంచి చదవరు. ఏళ్ల తరబడి మాంత్రికుడి పాత్ర ఆడుతున్నవారు నేరుగా మాంత్రికుడి అధ్యాయం తీస్తారు. రేంజర్ అనే అడవి వేటగాడిగా ఆడేవారు రేంజర్ పేజీలు వెతుక్కుంటారు. ఆట నడిపే డంజన్ మాస్టర్ రాక్షసుల పట్టికలు తిరగేస్తారు. తమకు బాగా తెలిసిన వాక్యం ఇంకా అక్కడే ఉందా, ఎవరైనా దాన్ని కదిలించారా అన్నదే అందరూ ముందుగా చూసుకునేది. చాలా రోజుల తర్వాత ఇంటికి వచ్చినవారు ముందు తమ గది తలుపు తీసి చూసినట్టు. గదిలో మంచం పక్కకు జరిగి ఉంటే ఒక రకం చిరాకు, అసలు గదే లేకపోతే మరో రకం కోపం. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో ఎడిషన్లు మారిన ప్రతిసారీ ఈ రెండింట్లో ఏదో ఒకటి తప్పలేదు.

ఆట తెలియనివారికి రెండు మాటలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక పాత్ర తీసుకుని, మాటలతో కథ నడుపుతూ, ఫలితం తేలని చోట పాచికలు వేస్తారు. కథలో మిగతా ప్రపంచమంతా, అంటే శత్రువులూ రాజులూ సత్రం యజమానులూ, ఒక్కరి చేతిలో ఉంటుంది. ఈ తరహా ఆటకు ఆద్యం 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. మూడు చిన్న పుస్తకాలున్న పెట్టె అది. తొలి ముద్రణ 1,000 ప్రతులు.

మామూలు ఆటలకూ దీనికీ ఒక తేడా ఉంది. చదరంగం నియమాలను ఎవరూ కొనుక్కోరు, బల్లా పావులూ కొనుక్కుంటారు. ఇక్కడ నియమాల పుస్తకమే సరుకు. కంప్యూటర్ ఆటయితే రాత్రికి రాత్రి తనంతట తానే మారిపోతుంది, పాత రూపం కావాలన్నా దొరకదు. పుస్తకం అలా కాదు. అరలో ఉన్న పాత పుస్తకం పాడవదు, ఆగిపోదు, యాభై ఏళ్లనాటి నియమాలతో ఈ సాయంత్రం కూడా ఆడుకోవచ్చు. కాబట్టి కొత్త ఎడిషన్‌కు అసలు పోటీ వేరే కంపెనీల ఆటల నుంచి కాదు, అదే కంపెనీ పోయినసారి అమ్మిన పుస్తకం నుంచి. కొన్నవారికి పాతది ఇంకా నచ్చుతూనే ఉంటుంది కూడా.

ఇంకో చిక్కు ఉంది. ఆడేటప్పుడు పుస్తకం ఎవరూ తెరవరు. రెండు మూడేళ్లు కలిసి ఆడిన జట్టుకు నూటికి తొంభై నియమాలు నోటికి వచ్చేస్తాయి. వాటిలో కొన్ని పుస్తకంలో ఉన్నట్టే ఉంటాయి, కొన్ని తప్పుగా గుర్తుండిపోయి స్థిరపడినవి, కొన్ని తామే కల్పించుకున్నవి. బల్ల దగ్గర చెల్లుబాటయ్యేది ఈ ఉమ్మడి జ్ఞాపకమే. కొత్త ఎడిషన్ వచ్చిందంటే ఆ జ్ఞాపకం మీదికి వచ్చినట్టు. ఇలా చూస్తే ఒక విడ్డూరం బయటపడుతుంది. నియమం పూర్తిగా మారినప్పుడు కలిగే ఇబ్బంది కంటే, కొంచెం మారినప్పుడు కలిగేదే ఎక్కువ.

పూర్తిగా మారిన దానికి మంచి ఉదాహరణ థాకో. 1989లో వచ్చిన రెండో ఎడిషన్‌లో దెబ్బ తగిలిందో లేదో తేల్చే లెక్కకు అది పేరు. అప్పట్లో కవచం ఎంత గట్టిదైతే దాని అంకె అంత చిన్నది. 10 అంటే ఒంటి మీద కవచమే లేదు. సున్నా అంటే నిండు ఉక్కు కవచం, చేతిలో డాలు. ఇంకా గట్టిదైతే రుణ సంఖ్యలు. యోధుడి థాకో 15, శత్రువు కవచం 3 అనుకుందాం. 15 నుంచి 3 తీసేస్తే 12. ఇరవై ముఖాల పాచిక మీద 12 గానీ అంతకు మించి గానీ పడాలి. శత్రువు కవచం మైనస్ 2 అయితే తీసివేత కాస్తా కూడిక అవుతుంది, 17 పడాలి. లెక్క చిన్నదే. కానీ ఆరుగురు మాట్లాడుతుండగా, రాక్షసుడు మీదికి వస్తుండగా, రుణ సంఖ్యను తీసివేయడం అందరికీ ఒకేలా సాగదు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్ దీన్ని తలకిందులు చేసింది. కవచం గట్టిపడేకొద్దీ అంకె పెరుగుతుంది, పాచిక మీద పడినదానికి పాత్ర బలం కలిపి ఆ అంకెను అందుకుంటే చాలు. ఇంత పెద్ద మార్పు జరిగినా ఆ తర్వాత బల్ల దగ్గర పాత లెక్కనూ కొత్త లెక్కనూ కలిపేసి తడబడటానికి వీల్లేకుండా పోయింది. రెండూ అంత దూరంగా ఉన్నాయి. పాత ఊరు విడిచి కొత్త ఊరు వెళ్లినవారు దారి తప్పితే కనీసం తప్పినట్టు తెలుస్తుంది.

అదే మూడో ఎడిషన్‌ను 2003లో సవరించి '3.5' పేరుతో మళ్లీ అచ్చు వేశారు. మూడేళ్లకే మళ్లీ కొనాలా అన్న సణుగుడు సహజమే. దాన్ని పక్కన పెట్టి లోపల ఏం జరిగిందో చూస్తే అసలు తంటా తెలుస్తుంది. ఎద్దు బలం ఇచ్చే ఒక మంత్రం రెండు పుస్తకాల్లోనూ అదే పేరుతో ఉంది. పాతదానిలో అది లెవెలుకు, అంటే పాత్ర ఎదిగే ఒక్కో మెట్టుకు, గంట చొప్పున నిలుస్తుంది, బలం ఎంత పెరుగుతుందో పాచిక తేలుస్తుంది. కొత్తదానిలో లెవెలుకు నిమిషమే, పెరుగుదల మాత్రం ఖాయంగా 4. ఆరో లెవెలు మాంత్రికుడు పొద్దున్నే ఆ మంత్రం వేసి మధ్యాహ్నం దాకా నిశ్చింతగా ఉండేవాడు. ఇప్పుడు ఆరు నిమిషాల్లో అది దిగిపోతుంది. పేరు మారలేదు కాబట్టి ఎవరూ పుస్తకం తీసి చూడరు. చూడరు కాబట్టి గుహలో సగం దూరం వెళ్లాక గొడవ మొదలవుతుంది. ఇలాంటివి ఆ పుస్తకంలో ఒకటో రెండో కావు. సవరణలు ఒక్కొక్కటిగా చూస్తే చాలావరకు మంచివే. ఆ మాంత్రికుడు పొద్దుటి మంత్రంతో రోజంతా నెట్టుకొచ్చే వెసులుబాటు తొలగించడం కూడా సబబే. నియమం మంచిదైనంత మాత్రాన అది జ్ఞాపకంలోకి సాఫీగా ఎక్కుతుందని లేదు, అంతే.

2008 జూన్‌లో వచ్చిన నాలుగో ఎడిషన్ కథ దీనికి ఎదురు. అక్కడ మంచం జరగడం కాదు, గదులే మారాయి. ఫైటరైనా మాంత్రికుడైనా ప్రతి పాత్రకూ ఒకే అచ్చులో శక్తులు: కొన్ని ఎప్పుడైనా వాడుకునేవి, కొన్ని పోరాటానికోసారి, కొన్ని రోజుకోసారి. ఎడిషన్లు మారుతున్నా కత్తి తిప్పడం తప్ప వేరే పని ఎరగని ఫైటర్‌కు తొలిసారి తన వంతు వచ్చినప్పుడు ఎంచుకోవడానికి ఏదో దొరికింది. డంజన్ మాస్టర్ పోరాటాన్ని సిద్ధం చేసుకోవడం తేలికైంది. ఇవి చిన్న మేళ్లు కావు, ఆ ఎడిషన్‌ను తిట్టేటప్పుడు వీటిని మరిచిపోవడం న్యాయం కాదు. కానీ ఆటగాళ్ల కోసం రాసిన మొదటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో పాటలతో మంత్రాలు వేసే బార్డ్ లేడు, ప్రకృతి మాంత్రికుడు డ్రూయిడ్ లేడు, ఒట్టి చేతులతో పోరాడే మంక్ లేడు. పొట్టివారైన నోమ్ జాతిని ఆటగాళ్ల పుస్తకంలోంచి తీసి రాక్షసుల పుస్తకంలో పెట్టారు. ఏళ్లుగా నోమ్ బార్డ్ ఆడుతున్నవారి సంగతేమిటి? తరువాతి పుస్తకంలో వస్తాడన్న జవాబు ప్రస్తుతం నడుస్తున్న కథకు పనికిరాదు.

ఆ కోపానికి వెళ్లే దారి కూడా దొరికింది. 2000లో మూడో ఎడిషన్‌తోపాటు వచ్చిన ఓపెన్ గేమ్ లైసెన్స్ కింద ఆ నియమాల మూలాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. అంతకుముందు డంజన్స్ అండ్ డ్రాగన్స్ పత్రికలను నడిపిన పైజో సంస్థ ఆ మూలంతోనే పాత్‌ఫైండర్ తయారు చేసి, ముందు ఆటగాళ్ల చేత పరీక్షించి, 2009 ఆగస్టులో అచ్చు వేసింది. అభిమానులు దాన్ని '3.75' అని ముద్దుగా పిలుచుకున్నారు. పాత ఆటను వదలడం ఇష్టం లేనివారికి పాత ఆటే కొత్త అట్టతో దొరికింది. 3.5 ఒకే బల్ల దగ్గర రెండు జ్ఞాపకాలను కూర్చోబెడితే, నాలుగో ఎడిషన్ జనాన్నే రెండు బల్లలకు పంచింది. రెండోది వినడానికి పెద్ద నష్టం. ఆడేవారి వైపు నుంచి చూస్తే మాత్రం, ఏ బల్లకు వెళ్లినా అక్కడ నియమం ఒక్కటే.

ఐదో ఎడిషన్ ఈ దెబ్బ తిన్నాకే పుట్టింది. 2012లో బహిరంగ పరీక్ష మొదలుపెట్టి రెండేళ్లు నడిపారు. పాల్గొన్నవారు 1,75,000 మందికి పైనే. దాని నుంచి వచ్చినవాటిలో అందరూ మెచ్చినది అడ్వాంటేజ్. పరిస్థితి అనుకూలంగా ఉంటే ఇరవై ముఖాల పాచికను రెండుసార్లు వేసి పెద్దదాన్ని తీసుకోవడం, ప్రతికూలంగా ఉంటే చిన్నదాన్ని. అంతకుముందు ఎత్తు మీద నిలబడితే ఇంత, వెనుక నుంచి కొడితే ఇంత అని చిన్న చిన్న అంకెలు వెతికి కూడుకోవలసి వచ్చేది. ఇది ఊరికే సులువు చేయడం కాదు, దీని లెక్క కూడా ముచ్చటైనదే. 11 పడితే చాలన్నప్పుడు ఒక్క పాచికతో అవకాశం 50 శాతం, రెండిటితో 75. అదే 20 మాత్రమే పడాలంటే 5 శాతం కాస్తా 9.75 అవుతుంది. 2 పడితే చాలన్నప్పుడు 95 నుంచి 99.75కు చేరుతుంది. అంటే ఫలితం ఊగిసలాడే చోట సాయం ఎక్కువ, అసాధ్యానికి దగ్గరైన చోటా ఖాయమైన చోటా తక్కువ. ఈ శాతాలు బల్ల దగ్గర ఎవరికీ తెలియక్కరలేదు. రెండు పాచికలు చేతిలో గలగలమంటే చాలు, అనుకూలత ఉందని చేతికే తెలుస్తుంది.

2014లో వచ్చిన ఈ ఎడిషన్ ఆ తర్వాత ఏళ్లపాటు ఏకచ్ఛత్రంగా నడిచింది. అందుకే 2022 ఆగస్టులో దీన్ని తిరగరాస్తున్నామని ప్రకటించినప్పుడు ఆశా భయమూ రెండూ ఎక్కువగానే కనిపించాయి. ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ దీన్ని కొత్త ఎడిషన్ అనడానికి ఒప్పుకోలేదు. పాత సాహసకథల పుస్తకాలన్నీ పనికొస్తాయని చెబుతూ వచ్చింది. 2024 సెప్టెంబరులో ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, నవంబరులో డంజన్ మాస్టర్స్ గైడ్, 2025 ఫిబ్రవరిలో మాన్‌స్టర్ మాన్యువల్ వచ్చాయి. 'ఆరో ఎడిషన్' అన్న మాట అట్ట మీద ఎక్కడా లేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న సామెత ఇలాంటి చోటికే సరిపోతుంది. కొత్తదంటే పాత పుస్తకాలు కొన్నవారు నొచ్చుకుంటారు, పాతదే అంటే మళ్లీ కొనడం ఎందుకని అడుగుతారు.

ఈ సవరణలో ఆశలు ఎక్కడ నెరవేరాయో చూస్తే, ఎక్కువగా బల్లలు ముందే చేసుకున్న మార్పులకు ముద్ర పడిన చోటే. గాయం మాన్పే మందు తాగడం 2014 నియమం ప్రకారం ఆ వంతులో చేయగల ప్రధాన కార్యం. తాగితే ఇక కత్తి తిప్పడానికి లేదు. ఇది ఎవరికీ నచ్చక, మందు తాగడాన్ని బోనస్ యాక్షన్‌గా, అంటే వంతులో అదనంగా దక్కే చిన్న పనిగా లెక్కించడం చాలా బల్లల్లో ఆనవాయితీ అయింది. 2024 పుస్తకం దాన్నే నియమం చేసింది. గాయాలు మాన్పే ప్రాథమిక మంత్రం ఎనిమిది ముఖాల పాచిక ఒకటి వేసే చోట రెండు వేయిస్తోంది. నియమాల పదాలన్నిటినీ అకారాది క్రమంలో ఒకే చోట చేర్చిన పదకోశం పుస్తకం చివర వచ్చింది. ఇది పైకి చిన్న సౌకర్యంలా కనిపించినా ఈ పుస్తకంలో మెచ్చుకోదగ్గ పని ఇదే అనవచ్చు. జ్ఞాపకం ఎక్కడ తప్పిందో పది సెకన్లలో చూసుకునే వీలు ఇచ్చింది అది ఒక్కటే.

ఆశ తీరనిది రేంజర్ విషయంలో. 2014 రేంజర్ బలహీనుడన్న ఫిర్యాదు మొదటి నుంచీ ఉంది. 2016లో ప్రయోగాత్మకంగా ఒక కొత్త రూపం ఇచ్చి చూశారు, 2020లో ఐచ్ఛిక మార్పులు చేర్చారు. పదేళ్ల నిరీక్షణ తర్వాత 2024 రేంజర్ వచ్చాడు. ముందుకంటే మెరుగే, కాదనలేం. కానీ అతని శక్తులు చాలావరకు హంటర్స్ మార్క్ అనే ఒక్క మంత్రం చుట్టే తిరుగుతాయి. ఇరవయ్యో లెవెలు, అంటే పాత్ర చేరగల శిఖరం, అక్కడ దక్కే వరం ఏమిటంటే ఆ మంత్రం వల్ల పడే అదనపు దెబ్బకు ఆరు ముఖాల పాచిక బదులు పది ముఖాలది వేయవచ్చు. సగటు తీస్తే 3.5 నుంచి 5.5. ఏళ్ల తరబడి ఒకే పాత్రను పెంచుకుంటూ వచ్చినవారికి చివరి బహుమతి దెబ్బకు రెండు పాయింట్లు. ఆడి చూడకముందే ఆ పంక్తి చదివి ఆటగాళ్లు నిట్టూర్చారంటే తప్పు పట్టలేం.

ఇలాంటివి ఎందుకు జరుగుతాయి? ఒక కారణం పరీక్ష పద్ధతిలోనే ఉంది. ముసాయిదా విడుదల చేస్తారు, ఆటగాళ్లు సర్వేలో తమ సంతృప్తి చెబుతారు, దాదాపు 70 శాతం దాటినది నిలుస్తుంది, దాటనిది వెనక్కి పోతుంది. మొదటి ముసాయిదాలో రాక్షసులకు క్రిటికల్ హిట్ లేకుండా చేశారు, అంటే పాచిక మీద 20 పడినా వారి దెబ్బ రెట్టింపు కాదు. గగ్గోలు పుట్టింది, తరువాతి ముసాయిదాలో ఆ మార్పు లేదు. డ్రూయిడ్ జంతువుగా మారినప్పుడు ఒక్కో జంతువుకు ఒక్కో పట్టిక వెతుక్కునే బదులు అన్నిటికీ ఉమ్మడి నమూనాలు ఇచ్చి చూశారు. అదీ పోయింది. వార్లాక్ మంత్రబలాన్ని మిగతా మాంత్రికుల దారిలోకి తేబోయారు, అదీ వెనక్కి వెళ్లింది. పెద్ద మార్పులన్నీ ఇలా రాలిపోతే మిగిలేవి చిన్న మార్పులే. సర్వేకు జవాబిచ్చేవారిలో ఆ ముసాయిదాను కాగితం మీద చదివినవారే ఎక్కువ ఉంటారని అనుమానించక తప్పదు. ఎందుకంటే చదవడానికి గంట చాలు, నెలకోసారి కూడే జట్టుతో ఆడి చూడటానికి ఏడాది కావాలి. కాగితం మీద కొత్త నియమం ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నట్టే కనిపిస్తుంది. ఆటగాళ్ల మాట వినడం తప్పని కాదు దీని అర్థం. కానీ ప్రతి అడుగుకూ అనుమతి అడిగితే జనం పాతదాన్నే కోరుకుంటారు, దాన్ని కాస్త తుడిచి ఇస్తే దానికీ ఒప్పుకుంటారు. సరిగ్గా గందరగోళం పుట్టించే రకం మార్పు అదే.

అనుమానాలన్నీ నియమాల మీదే అనుకుంటే పొరపాటు. 2023 జనవరిలో ఓపెన్ గేమ్ లైసెన్స్‌ను రద్దు చేసి కొత్తది తేవాలన్న ముసాయిదా బయటికి పొక్కింది. ఏడాదికి 7,50,000 డాలర్లకు మించి రాబడి ఉన్న ప్రచురణకర్తలు ఆ పై మొత్తంలో 25 శాతం దాకా కట్టాలన్నది అందులో ఒక షరతు. జీవితంలో ఒక్క పేజీ కూడా అచ్చు వేయని సాధారణ ఆటగాళ్లు కూర్చుని లైసెన్స్ ఒప్పందాన్ని పంక్తి పంక్తి చదివారు. ఆ నెల 27న విజార్డ్స్ సంస్థ వెనక్కి తగ్గి, ఐదో ఎడిషన్ మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ అనే బహిరంగ లైసెన్స్ కింద వదిలేసింది. ఇక వాటిని ఎవరూ వెనక్కి లాక్కోలేరు. చట్టపరంగా ఆటగాళ్లకు ఇంతకంటే మంచి ముగింపు ఉండదు. అయినా ఆ నెల తర్వాత ప్రతి కొత్త ప్రకటననూ ఆటగాళ్లు రెండుసార్లు చదవడం మొదలుపెట్టారు, ఒకసారి నియమం కోసం, ఇంకోసారి దాని వెనుక ఏముందో అని.

ఆ అనుమానానికి 2024 ఆగస్టులో ఊతం దొరికింది. పాత్ర వివరాలను కంప్యూటర్‌లో దాచుకునే డీ అండ్ డీ బియాండ్ సేవలో, పాత మంత్రాల స్థానంలో 2024 నాటి వాటినే చూపిస్తామని ప్రకటించారు. పాత నియమాలతోనే ఆట కొనసాగించాలనుకునేవారు డబ్బిచ్చి కొన్న మంత్రాలను మళ్లీ చేత్తో ఎక్కించుకోవాలన్నమాట. రోజుల్లోనే ఆ నిర్ణయాన్ని మార్చుకున్నారు. అయితే అచ్చు పుస్తకం విషయంలో ఈ మాటే తలెత్తదు. అరలోని పుస్తకంలో పేజీలు రాత్రికి రాత్రి మారవు. పాత ఎడిషన్ ఎప్పటికీ తమదే అన్న ధీమా ఈ ఆటగాళ్లకు పుట్టుకతో వచ్చిన హక్కు లాంటిది, తెర మీది సేవ దాన్నే కదిలించింది.

వేరే ఆటల వైపు చూస్తే చిన్న మార్పు ఎప్పుడూ తంటానే తెస్తుందన్న మాటకు ఒక సవరణ అవసరమవుతుంది. 1981లో పుట్టిన కాల్ ఆఫ్ థుల్హు ఏడో ఎడిషన్ 2014లో వచ్చింది. అందులో పాత్రల లక్షణాలను 3 నుంచి 18 వరకు ఉండే పాత అంకెల్లో కాకుండా శాతాల్లో రాశారు. బలం 13 ఉన్న పాత్రకు ఇప్పుడు 65. ఇంతకుముందూ పాచిక వేసేటప్పుడు 13ను 5తో హెచ్చించేవారే, ఇప్పుడు ఆ హెచ్చవేత ముందే చేసి రాసుకుంటున్నారు. ముప్పై ఏళ్లనాటి కథను కొత్త నియమాలతో ఆడాలంటే తెలియాల్సింది ముఖ్యంగా ఒక్క ఎక్కం. మార్పు చిన్నదా పెద్దదా అన్నదానికంటే, పాతదాని నుంచి కొత్తదానికి వెళ్లే దారి ఒక్క వాక్యంలో చెప్పగలమా లేదా అన్నది ముఖ్యమని దీన్నిబట్టి అర్థమవుతుంది. 'ఐదుతో హెచ్చించు' అన్న మాట ఎవరికైనా గుర్తుంటుంది. ఎద్దు బలం మంత్రం గంటల నుంచి నిమిషాలకు వచ్చిందని, మరో మంత్రం ఇంకోలా మారిందని, మూడోది మారలేదని గుర్తుండదు.

పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ 2019లో వచ్చింది, 2023 చివర్లో దాన్ని తిరగరాయడం మొదలుపెట్టారు. లైసెన్స్ గొడవ తర్వాత పాత లైసెన్స్ మీద ఆధారపడకూడదనుకోవడం దీనికి కారణం. ఇక్కడ జరిగింది సరిగ్గా తిరగబడిన వ్యవహారం. నియమం చాలావరకు అదే, పేరు మారింది. దశాబ్దాలుగా మ్యాజిక్ మిస్సైల్ అని పిలిచిన మంత్రం ఫోర్స్ బరాజ్ అయింది. ఆటగాళ్లు నోటితో పాత పేరే అంటారు, కళ్లతో కొత్త పేరు చదువుతారు, చేతులు అవే పాచికలు వేస్తాయి. చిరాకు ఉంది, గొడవ లేదు. పేరు గురించి పొరబడితే ఎవరూ చావరు, వ్యవధి గురించి పొరబడితే పాత్ర చస్తుంది.

పూర్తిగా మారి మళ్లీ వెనక్కి వచ్చిన ఆట కూడా ఉంది. వార్‌హామర్ ఫాంటసీ రోల్‌ప్లే 2009లో మూడో ఎడిషన్‌తో పెద్ద పెట్టె, కార్డులు, ప్రత్యేక గుర్తులున్న పాచికలతో పూర్తిగా వేరే ఆటగా మారింది. 2018లో నాలుగో ఎడిషన్ మళ్లీ పాత శాతాల పాచికల దగ్గరికే వచ్చింది.

ఆశలూ అనుమానాలూ ఆటగాళ్లందరికీ ఒకేలా ఉండవని కూడా చెప్పాలి. కొత్తగా చేరేవారికి తుడవాల్సిన జ్ఞాపకమే లేదు, కొత్త పుస్తకం వారికి అచ్చంగా లాభమే. పాత్ర ఆడేవారు ఒక్క అధ్యాయం మళ్లీ నేర్చుకుంటే సరిపోతుంది. భారమంతా డంజన్ మాస్టర్ మీద పడుతుంది. అన్ని అధ్యాయాలూ తనకే కావాలి, అందరి తప్పులూ తనే పట్టుకోవాలి, పుస్తకాలు కొనేది కూడా చాలాసార్లు తనే. అందువల్ల ఒక జట్టు కొత్త ఎడిషన్‌కు మారుతుందో లేదో ఓటింగుతో తేలదు, ఆ ఒక్కరికి ఓపిక ఉందో లేదో దానిమీదే తేలుతుంది. ప్రచురణకర్తలు ఆకర్షణంతా పాత్రల శక్తుల మీద పెడతారు, ఎందుకంటే ఆడేవారు ఎక్కువమంది. నిర్ణయించేవారు మాత్రం బల్లకు ఆ చివర తెర వెనుక కూర్చున్నవారు. వారికి కావాల్సినవి వేరు: పోరాటం ఎంత కఠినంగా ఉంటుందో ముందే లెక్క కట్టుకోగలగడం, రాక్షసుల పట్టిక ఒక్క చూపులో అర్థం కావడం. 2024 గైడ్ శత్రువుల సంఖ్యను బట్టి గుణకాలు వేసే పాత లెక్కను తీసేసి సాదా మొత్తంతో సరిపెట్టింది. దీన్ని ఏ ప్రకటనలోనూ పెద్ద అక్షరాలతో వేయరు. కానీ శనివారం రాత్రి ఆటకు శుక్రవారం రాత్రి సిద్ధమయ్యేవారికి ఎంతో ఊరట.

పాత కథను కొనసాగిస్తూనే కొత్త పుస్తకంలోకి మెల్లగా జరుగుతున్న బల్లల దగ్గర ఇప్పుడు ఒక కాగితం కనిపిస్తుంటుంది. డంజన్ మాస్టర్ తెరకు క్లిప్పుతో పెట్టి ఉంటుంది. మందు తాగడం కొత్త పద్ధతిలో. పాలడిన్ అనే దైవభక్త యోధుడు తన దెబ్బకు దివ్యశక్తి జోడించే డివైన్ స్మైట్ పాత పద్ధతిలో, ఎందుకంటే కొత్తదానిలో అది వంతుకు ఒక్కసారే దక్కే మంత్రమైపోయింది, పైగా శత్రు మాంత్రికుడు దాన్ని అడ్డుకోగలడు. ఆ పాత్ర ఆడే వ్యక్తి ససేమిరా అన్నారు. ఇక కౌంటర్‌స్పెల్. ఎదుటివారి మంత్రాన్ని గాల్లోనే ఆపే మంత్రం అది. పాతదైతే మూడో స్థాయి వరకు మంత్రం ఏదైనా తిరుగులేకుండా ఆగిపోతుంది. కొత్తదైతే ఎదుటివాడు పాచిక వేసి తట్టుకోవచ్చు, తట్టుకోలేకపోయినా ఆ మంత్రం కోసం పెట్టిన బలం అతనికి మిగిలే ఉంటుంది. మాంత్రికురాలి పాత్ర ఆడుతున్నామె తాను వేసేటప్పుడు పాతది కావాలంటుంది, తన మీద వేసినప్పుడు కొత్తది కావాలంటుంది. కాగితం మీద ఆ పంక్తి పక్కన పెన్సిల్‌తో ఒక ప్రశ్నార్థకం పెట్టి ఉంది. నాలుగు ఆటలు అయ్యాయి, ఇంకా చెరపలేదు.